ఆంగ్ల వాక్యములలో పోలిక చెప్పు విధము

పంచాయతీ పని తెలుగున జరుగవలసినదే. మన రాష్ట్రమున అధికార భాషా చట్టము 1966లో వచ్చినది. అంతకు ముందే రాజ్యాంగము తన 350వ అధికరణములో, తన కష్టమును విన్నవించుకొను ప్రతి వ్యక్తియు కేంద్రమునందు గాని రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ వ్రాసికొనవచ్చునని హక్కు నిచ్చినది. కాబట్టి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ సభ్యుడు కలెక్టరుగారికి అర్జీ పెట్టదలచినచో తెలుగున వ్రాయుటకు సంకోచింప నక్కరలేదు. ఈ మాట మొదటనే చెప్పుచున్నాము. ఏలయనగా, ఆంగ్లమున వ్రాసిన కాగితమునకే విలువ హెచ్చు అను భ్రమ మన గ్రామములలో ఇంకను పూర్తిగా తొలగలేదు.

అయినను ఆంగ్లము మన గడప తొక్కక మానదు. టెండరు షరతులు, ఇంజనీరుగారి అంచనాలు, బ్యాంకు పత్రములు, కేంద్ర పథకముల మార్గదర్శక సూత్రములు, హైకోర్టు ఉత్తర్వులు తరచుగా ఆ భాషలోనే వచ్చుచుండును. వానిని చదివి సర్పంచి చేవ్రాలు చేయవలసివచ్చును. సభ్యులు తీర్మానము చేయవలసివచ్చును. ఇట్టి కాగితములలో చిక్కు తెచ్చునవి నోరు తిరుగని పెద్ద పదములని పలువురు తలచెదరు. మా అనుభవములో అది నిజము కాదు. పెద్ద పదము అర్థము కానిచో పక్కవారిని అడిగి తెలిసికొందుము. చిక్కు తెచ్చునవి 'ఎక్కువ', 'తక్కువ', 'మించకుండ', 'అన్నిటికంటె' అను చిన్న మాటలు. అర్థమైనట్లే యుండి అర్థము కాకుండ పోవునవి ఇవే. బిల్లు ఎంత చెల్లునో, రైతు పథకమునకు అర్హుడగునో కాడో నిర్ణయించునవియు ఇవే. అందుచేత ఈ పాఠమున పోలిక వాక్యముల నెత్తుకొనుచున్నాము.

తెలుగున పోలిక చెప్పునపుడు విశేషణము మారదు. 'కోయిలకుంట్లకంటె ఉయ్యాలవాడ చిన్నది' అందుము. 'మండలములోని ఊళ్లలో ఇది చిన్నది' అందుము. రెండు చోట్లను 'చిన్న' యను మాట చిన్నగానే యున్నది. మొదటి వాక్యమున బరువంతయు 'కంటె' మోయుచున్నది. రెండవదానిలో 'లో' మోయుచున్నది. వలన, కంటె, పట్టి పంచమీ విభక్తియని బడిలో వల్లె వేసినవారమే మనమందరము. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో అచ్చైనది మొదలు ఈ పాఠము మన బడులలో నిలిచియున్నది.

ఆంగ్లము దారి వేరు. అక్కడ విశేషణమే వేషము మార్చును. 'బిగ్' అనగా పెద్ద. ఒకదానికంటె పెద్దదైనచో 'బిగ్గర్'. అన్నిటిలో పెద్దదైనచో 'ద బిగ్గెస్ట్'. పొడుగు మాటలకు ఈ తోక అతుకదు గనుక ముందు 'మోర్', 'మోస్ట్' అను మాటలు చేరును. 'గుడ్', 'బ్యాడ్' వంటి కొన్ని నిత్యవ్యవహారపు మాటలు మాత్రము ఏ సూత్రమునకును లొంగక 'బెటర్, బెస్ట్' అనియు, 'వర్స్, వర్స్ట్' అనియు పూర్తిగా మారిపోవును. వీనిని కంఠస్థము చేయుట తప్ప వేరు మార్గము లేదు.

మనవారు చేయు తప్పులు ఈ భేదము నుండియే పుట్టుచున్నవి. 'దిస్ రోడ్ ఈజ్ గుడ్ ద్యాన్ దట్ రోడ్' అని వ్రాసినవాడు 'కంటె'కు 'ద్యాన్' పెట్టినాడు గాని, విశేషణమును మార్చుట మరచినాడు. తెలుగున మార్చు పని లేదు గదా! 'బెటర్ ద్యాన్' అనవలెను. మరియొకడు జాగ్రత్త ఎక్కువై 'మోర్ బెటర్' అని వ్రాయును. ఒక తలకు రెండు తలపాగలు చుట్టినట్లు! 'మచ్ బెటర్' అనవచ్చును. 'మోర్ బెటర్' గాని, 'వెరీ బెటర్' గాని చెల్లదు. ఇక 'టూ గుడ్' అను మాట. మనవారు 'చాల బాగున్నది' అను అర్థమున దీనిని విరివిగా వాడుచున్నారు. 'టూ' అనగా మితిమీరి యని అర్థము. కాగితముపై 'చాల'కు 'వెరీ' యే క్షేమము. 'ద వాటర్ లెవెల్ ఈజ్ టూ హై' అని కుందూ ఒడ్డు నుండి కబురు పంపినచో అది ఆనందవార్త కాదు, ప్రమాదవార్త.

'ద్యాన్' అను మాటకును 'దెన్' అను మాటకును వ్రాతలో ఒక్క అక్షరమే భేదము. మొదటిదానిలో మూడవ అక్షరము 'ఏ', రెండవదానిలో 'ఈ'. మొదటిది 'కంటె', రెండవది 'అప్పుడు'. టైపు కొట్టునపుడు ఈ రెండును తారుమారగుట మిక్కిలి తరచు.

ఈ కష్టము మనకే వచ్చినదని ఎవరును నొచ్చుకొన వలదు. మన పొరుగు జిల్లా కడపకు 1820లో ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌను, తెలుగు నేర్చి, 1840లో ఆంగ్లమున తెలుగు వ్యాకరణము ప్రకటించెను. అతని దేశమువారు తెలుగు నేర్చునపుడు తమ 'బిగ్గర్, బిగ్గెస్ట్' లను బయటనే విడిచి, 'కంటె'ను పట్టుకొని లోనికి రావలసియుండెను. మనము ఆ గడపనే ఎదురు దిక్కు నుండి దాటుచున్నాము.

ఇక అసలు విషయము. పోలికలో అటునిటు ఉంచు వస్తువులు ఒకే జాతివి కావలెను. నీటిని నీటితో, బాటను బాటతో పోల్చవలెను. 'అవర్ బోర్ వాటర్ ఈజ్ సాల్టియర్ ద్యాన్ ద నెక్స్ట్ విలేజ్' అని వ్రాసితిమనుకొందము. మన బోరు నీటిని పక్క ఊరితో పోల్చినట్లయినది. ఊరు ఉప్పగా నుండునా? 'మా నీరు పక్క ఊరికంటె ఉప్పన' అని తెలుగున నోటిమాటగా అన్నచో వినువారు సరిపెట్టుకొందురు. ఆంగ్లమున 'ద్యాన్ ద వాటర్ ఇన్ ద నెక్స్ట్ విలేజ్' అని గాని, 'ద్యాన్ దట్ ఇన్ ద నెక్స్ట్ విలేజ్' అని గాని యుండవలెను. ఈ 'దట్' చిన్నది, కాని ముందు చెప్పిన వస్తువును మరల తెచ్చి నిలుపును. వస్తువులు పెక్కైనచో 'దోజ్' అనవలెను.

ఇంజనీరుగారు గ్రహించుకొందురులే యని కొందరు వాదింతురు. నీటి విషయమున గ్రహించుకొందురేమో. కాని ఈ వాక్యము చూడుడు: 'ద రోడ్ ఫ్రమ్ ఉయ్యాలవాడ టు కోయిలకుంట్ల ఈజ్ వర్స్ ద్యాన్ ఆళ్లగడ్డ'. ఆళ్లగడ్డ ఊరిలోని బాటలకంటెనా? ఉయ్యాలవాడ నుండి ఆళ్లగడ్డకు పోవు బాటకంటెనా? వ్రాసినవాని మనసులో ఏ బాట యున్నదో చదివినవాడు ఎట్లు చెప్పగలడు? 'ద్యాన్ ద రోడ్ ఫ్రమ్ ఉయ్యాలవాడ టు ఆళ్లగడ్డ' అని ఐదు మాటలు హెచ్చుగా వ్రాసిన సందేహము తీరును. అర్జీలో మాటల పొదుపు మంచిదే గాని, పోలికలో మాత్రము పొదుపు చేయరాదని మా అభిప్రాయము.

సర్వనామములు వచ్చినపుడు ఇంకను జాగ్రత్త వలయును. 'ద డిపార్ట్‌మెంట్ హెల్ప్‌డ్ అస్ మోర్ ద్యాన్ దెమ్' అనగా శాఖవారు వారికి చేసినదానికంటె మాకు ఎక్కువ సాయము చేసిరని అర్థము. 'మోర్ ద్యాన్ దే డిడ్' అనగా, వారు మాకు చేసినదానికంటె శాఖవారు ఎక్కువ చేసిరని అర్థము. మొదటిదానిలో 'వారు' సాయము పొందినవారు. రెండవదానిలో సాయము చేసినవారు. తెలుగున 'వారికంటె మాకు ఎక్కువ సాయము' అన్నను ఇట్టి సందేహము కొంత కలదు. 'వారికి చేసినదానికంటె' అనియో, 'వారు చేసినదానికంటె' అనియో చెప్పి మనము తీర్చుకొందుము. వరద సాయమును గూర్చిన కాగితమున ఈ భేదము సామాన్యమైనది కాదు.

ఇప్పుడు చట్టములలోను పథకములలోను కనవచ్చు కొన్ని పలుకుబళ్లు. సభ్యులు మిక్కిలి శ్రద్ధతో చదువవలసినది ఈ భాగమే.

'నాట్ లెస్ ద్యాన్' అనగా తక్కువ కాకుండ. చెప్పిన సంఖ్య కూడ చెల్లును. 'మోర్ ద్యాన్' అనగా మించి. చెప్పిన సంఖ్య చెల్లదు. 'నాట్ మోర్ ద్యాన్', 'నాట్ ఎక్సీడింగ్', 'అప్ టు' అనునవి మించకుండ నుండవలెనని చెప్పుచు హద్దును లోపలికి చేర్చుకొనును. 'లెస్ ద్యాన్', 'బిలో' అనునవి హద్దును వెలివేయును. తెలుగున మనము తరచుగా 'లోపు' అని ఒకే మాటతో పని గడుపుదుము. 'ఐదెకరాల లోపు' అన్నచో సరిగా ఐదెకరములున్నవాడు లోపలివాడా, బయటివాడా? ఊరి రచ్చబండపై దీనికి ఒకే సమాధానము రాదు.

ఇందుకు ఒక నిజమైన సంగతి చెప్పెదము. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి పథకమును ప్రారంభించినపుడు, అది 2 హెక్టారుల వరకు సాగుభూమి గల చిన్న, సన్నకారు రైతు కుటుంబములకు ఉద్దేశింపబడెను. ఆ సంవత్సరమే తరువాత ఈ హద్దును ఎత్తివేసిరి. హద్దున్న ఆ కొద్ది కాలమున 2 హెక్టారులు అనగా 'ఐదెకరాలు' అని ఊళ్లలో అనుకొనుట సహజము. కాని ఒక హెక్టారు 2.47 ఎకరములు, 2 హెక్టారులు 4 ఎకరముల 94 సెంట్లు మాత్రమే. నిండుగా ఐదెకరములు గలవాడు 6 సెంట్లచేత హద్దు దాటినాడు! 'అప్ టు' అను మాట 2 హెక్టారులను లోపలికి తీసికొన్నది గాని, మన నోటిలెక్కలోని ఐదెకరములను తీసికొనలేదు. ఆరు సెంట్లనగా ఒక ఇంటిస్థలము పాటి నేల. కొలమానము మారినపుడు పోలిక మాటను, సంఖ్యను రెండింటిని పట్టి చూడవలెను.

'విచెవర్ ఈజ్ లెస్' అను మాట అంచనాలలోను సబ్సిడీ పత్రములలోను వచ్చును. రెండింటిలో ఏది తక్కువైన అది అని అర్థము. ఒక పనికి అంచనాలో సగము గాని, 50,000 రూపాయలు గాని, 'విచెవర్ ఈజ్ లెస్' అని యున్నదనుకొందము. అంచనా 80,000 అయినచో సగము 40,000, అదియే వచ్చును. అంచనా 1,40,000 అయినచో సగము 70,000. కాని వచ్చునది 50,000. చివరనున్న ఒక్క మాట 'లెస్' బదులు 'మోర్' అయినచో లెక్క తలక్రిందులగును. ఈ మూడు మాటలు సాధారణముగా వాక్యము చివర నుండును గనుక, వాక్యమును సగములో ఆపి చేవ్రాలు చేయు అలవాటు మంచిది కాదు.

'ఎన్ని రెట్లు' అనుటలో కూడ చిక్కు కలదు. 'త్రీ టైమ్స్ యాజ్ మచ్ యాజ్ లాస్ట్ ఇయర్' అనగా నిరుటికి మూడు రెట్లు. నిరుడు 10,000 అయినచో నేడు 30,000. 'త్రీ టైమ్స్ మోర్ ద్యాన్' అన్నచో కొందరు 30,000 అనుకొందురు, కొందరు 40,000 అనుకొందురు. రెండవ రూపమును వాడకుండుటయే మేలు. శాతములలోను ఇంతే. ఇంటిపన్ను వసూలు నిరుడు డిమాండులో 40 శాతము, ఈ ఏడు 60 శాతము అనుకొందము. డిమాండు మారనిచో, వసూలు 20 శాతము పెరిగినదని వ్రాయుట తప్పు. 40 నుండి 60కి పెరుగుట అనగా నిరుటి వసూలుమీద సగము, అనగా 50 శాతము పెరుగుట. 20 అనునది శాతము కాదు, శాతముల మధ్య దూరము. ఆంగ్లమున దానిని 'ట్వెంటీ పర్సెంటేజ్ పాయింట్స్' అందురు. తన పనిని తానే తగ్గించి చెప్పుకొన్న పంచాయతీలు ఈ పొరపాటుచేత ఎన్ని గలవో!

సర్వోత్కృష్టత చెప్పు రూపమునకు వత్తము. దీని ముందు 'ద' తప్పక యుండవలెను. తరువాత ఆ పోటీ ఎంత మేరకో చెప్పవలెను. ఊరు, మండలము, దేశము వంటి చోటు చెప్పునపుడు 'ఇన్' వచ్చును: 'ద ఓల్డెస్ట్ ట్యాంక్ ఇన్ ద మండల్'. గుంపు చెప్పునపుడు 'ఆఫ్': 'ద లోయెస్ట్ ఆఫ్ ద ఫైవ్ టెండర్స్'. వచ్చిన కొటేషన్లు రెండే అయినచో 'ద లోయర్ ఆఫ్ ద టూ' అనవలెను. 'వన్ ఆఫ్' చేర్చినచో వెనుకవచ్చు నామము బహువచనమగును: 'వన్ ఆఫ్ ద బెస్ట్ స్కూల్స్'. 'స్కూల్' అని ఏకవచనము వ్రాయుట మన జిల్లాలోనే కాదు, దేశమంతటను వ్యాపించిన తప్పు.

మేర చెప్పకుండ 'అన్నిటికంటె', 'అందరికంటె' అనుట వలన వచ్చు ముప్పును ఉయ్యాలవాడ వారికి వారి ఊరి పేరుతోనే చూపవచ్చును. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఈస్టిండియా కంపెనీపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీయబడెను. 2019లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చినది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయమునకు ఆయన పేరు పెట్టినారు. దూరప్రాంతములవారు ఊరు చూడ వచ్చునపుడు ఆంగ్లమున ఒక పలక యుండుట న్యాయమే. దానిపై ఏమి వ్రాయవలెను? 'ద ఫస్ట్ ఫ్రీడమ్ ఫైటర్ ఆఫ్ ఇండియా' అని వ్రాయవలెనని అభిమానులు కోరుదురు. చదువుకొన్న యాత్రికుడు తమిళదేశమువాడైనచో, కట్టబొమ్మన 1799లోనే కంపెనీవారిచే ఉరి తీయబడెను గదా యనును. ఒడిశావాడైనచో 1817 నాటి పైకుల తిరుగుబాటును ఎత్తును. మరియొకడు 1806 నాటి వేలూరు సిపాయిల సంగతి చెప్పును. అంతటితో మన పలక వాదమునకు దిగి ఓడిపోవును. ఓడిన పలకపై నరసింహారెడ్డిగారి పేరుండును.

దీనికి బదులు ఈ వాక్యము చూడుడు: 'హి రోజ్ అగెయిన్‌స్ట్ ద కంపెనీ ఎలెవెన్ ఇయర్స్ బిఫోర్ ద రివోల్ట్ ఆఫ్ 1857'. సిపాయిల తిరుగుబాటునకు పదునొకండేండ్లు ముందు. దేనితో పోల్చుచున్నామో ఇక్కడ కలదు, ఎంత ముందో కలదు, కాదనగలవాడు లేడు. మరియొక విధమున, 'వన్ ఆఫ్ ద ఎర్లియెస్ట్ లీడర్స్ హూ రోజ్ అగెయిన్‌స్ట్ ద కంపెనీ ఇన్ రాయలసీమ' అనవచ్చును. ఇందు 'లీడర్స్' బహువచనము, 'ఇన్ రాయలసీమ' మేర. మాకు మొదటి వాక్యమే నచ్చినది. దానిలో పొగడ్త లేదు, తేదీ కలదు. అయితే 'హిజ్ రివోల్ట్ వాజ్ ఎర్లియర్ ద్యాన్ ఢిల్లీ' అని మాత్రము వ్రాయకుడు. తిరుగుబాటును ఊరితో పోల్చిన పాత తప్పే అది. 'ఎర్లియర్ ద్యాన్ దట్ ఆఫ్ ఢిల్లీ' అనవలెను.

ఇంచుమించు ఇట్టిదే 'ఎనీ అదర్' అను నియమము. 'అవర్ విలేజ్ ఈజ్ క్లీనర్ ద్యాన్ ఎనీ విలేజ్ ఇన్ ద మండల్' అన్నచో, మండలములోని ఊళ్లలో మన ఊరును ఒకటి గనుక, మన ఊరు మన ఊరికంటెనే శుభ్రమైనదని చెప్పినట్లగును! 'ఎనీ అదర్ విలేజ్' అనవలెను. తెలుగున 'మిగిలిన ఊళ్లకంటె' అనుటలో ఆ 'మిగిలిన' చేయు పనిని ఇక్కడ 'అదర్' చేయును.

మిగిలిన చిన్న సంగతులు త్వరగా చెప్పెదము. 'తక్కువ' అను మన మాట ఒకటే. ఆంగ్లమున లెక్కింపదగిన వానికి 'ఫ్యూయర్', కొలువదగిన దానికి 'లెస్'. ఉపాధ్యాయులు 'ఫ్యూయర్', నీరు 'లెస్'. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్', 'ప్రయర్' అనునవి లాటిను నుండి వచ్చినవి గనుక 'ద్యాన్'ను సహింపవు. వీని వెంట 'టు' వచ్చును. 'ప్రిఫర్' అను క్రియయు ఇట్టిదే. 'కంపేరింగ్ టు లాస్ట్ ఇయర్' అని మొదలుపెట్టు వాడుక మానవలెను. 'కంపేర్డ్ విత్ లాస్ట్ ఇయర్' సరియైనది. అటుపైన 'మోర్ ద్యాన్ లాస్ట్ ఇయర్' అని ఎట్లును చెప్పబోవుచున్నచో ఈ పల్లవియే అనవసరము.

సమానత చెప్పుటకు 'యాజ్' రెండు మారులు రావలెను: 'యాజ్ వైడ్ యాజ్ ద కెనాల్'. కర్నూలు-కడప కాలువ అంత వెడల్పు అనుటకు ఒక 'యాజ్'తో సరిపెట్టరాదు. ఇక ఉపమానముల మాట. ఇవి భాష వెంట రావు. ఊరి వెంట ఉండిపోవును. మనము ఒక మనిషిని 'నిప్పువంటివాడు' అన్నచో లంచమునకు లొంగని నిష్కళంకుడని అర్థము. దానినే 'హి ఈజ్ లైక్ ఫైర్' అని గుణపత్రమున వ్రాసినచో, చదివిన అధికారి ఇతడు ముక్కోపియని తలచి ఉద్యోగమునకు వెనుకాడును. 'హి ఈజ్ ఎ మ్యాన్ ఆఫ్ ఇంటెగ్రిటీ' అని ఉపమానము లేకుండ వ్రాయవలెను. 1866 కరువులో ఆకలిగొన్న వేలమందికి అన్నము పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారిని తెలుగున కర్ణునితో పోల్చుట సొంపుగా నుండును. ఆంగ్ల పలకపై కర్ణుడెవరో విదేశీయునికి తెలియదు. కరువు సంవత్సరమును, అన్నము పెట్టిన సంగతిని వ్రాసిన చాలును.

కడపట ఒక అభ్యాసము. ఒక పంచాయతీవారు పంపబోవు అర్జీ ఇట్లున్నదనుకొందము: 'కంపేరింగ్ టు లాస్ట్ ఇయర్ అవర్ టాక్స్ కలెక్షన్ ఈజ్ మోర్ బెటర్. అవర్ స్కూల్ హ్యాజ్ లెస్ టీచర్స్ ద్యాన్ నెక్స్ట్ విలేజ్. అవర్ కల్వర్ట్ ఈజ్ వర్స్ ద్యాన్ ఎనీ కల్వర్ట్ ఇన్ ద మండల్.' ఇందలి మూడు వాక్యములలోను పైన చెప్పిన తప్పులు కలవు. సభ్యులు మొదట తామే దిద్ది, తరువాత క్రింది రూపముతో సరిచూచుకొనవలెను.

'అవర్ టాక్స్ కలెక్షన్ రోజ్ ఫ్రమ్ ఫార్టీ పర్సెంట్ ఆఫ్ ద డిమాండ్ లాస్ట్ ఇయర్ టు సిక్స్‌టీ పర్సెంట్ దిస్ ఇయర్. అవర్ స్కూల్ హ్యాజ్ ఫ్యూయర్ టీచర్స్ ద్యాన్ ద స్కూల్ ఇన్ ద నెక్స్ట్ విలేజ్: టూ హియర్, ఫోర్ దేర్. అవర్ కల్వర్ట్ ఈజ్ వర్స్ ద్యాన్ ఎనీ అదర్ ఇన్ ద మండల్.' మూడవ వాక్యము వ్యాకరణమునకు ఇప్పుడు సరిపోయినది. మండలములోని కల్వర్టులన్నియు చూచి వచ్చినవారు పంచాయతీలో ఎవరును లేనిచో మాత్రము, దానిని కొట్టివేసి, ఏ తేదీని ఏ వాన తరువాత ఆ కల్వర్టుపై రాకపోకలు ఎన్ని గంటలు నిలిచినవో వ్రాయవలెను.